ఒడ్డు వాళ్ళూ నీళ్ళ వాళ్ళూ

ఫ్రిస్కో,
జూన్ 9, 2024

వదినగారికి,

రాధ నమస్కారాలు. చేతిరాత చూసి కంగారు పడకండి, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీరు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయ్యారని మృదుల చెప్పింది. నేను తప్పు పట్టను. రోజుకి నూట నలభై మెసేజ్‌లు, అందులో నూట ఇరవై చేపల ఫొటోలు. పోనీ ఫోన్ చేద్దామంటే మీకు సరిగ్గా వినపడదు, అరిచి అరిచి నా గొంతు పోతుంది. అందుకే స్టాంపులు కొనుక్కొచ్చాను.

సంగతేమిటంటే, డిసెంబర్ ఇరవై నుంచి ఇరవై ఏడు దాకా అందరం బొనైర్ వెళ్ళాలని మీ తమ్ముడూ మా అమ్మాయీ నిర్ణయించారు. కరీబియన్‌లో చిన్న దీవి. రోడ్డు పక్కన పసుపురంగు వేసిన రాళ్ళుంటాయట. రాయి కనిపించిన చోట కారు ఆపి, సిలిండర్ వీపుకి తగిలించుకుని, నేరుగా సముద్రంలోకి నడిచి వెళ్ళిపోవచ్చట. మీ తమ్ముడికి రిటైరైన దగ్గర్నుంచీ ఈ స్కూబా పిచ్చి పట్టిన సంగతి మీకు తెలుసు. అరవై నాలుగో ఏట సర్టిఫికెట్ తెచ్చుకుని ఫ్రేమ్ కట్టించారు. ఆయన ఎం.టెక్. పట్టా ఇప్పటికీ సూట్‌కేసులోనే ఉంది. మృదులా, అల్లుడు దేవ్ కూడా డైవర్లే.

మిగిలింది నేనూ, ఏడేళ్ళ ఇషితా. మమ్మల్ని "నాన్-డైవర్స్" అంటున్నారు. మృదుల కంప్యూటర్‌లో పట్టిక తయారుచేసి పంపింది. వాళ్ళ వరసలో రోజుకి మూడు డైవ్‌లు, చేపల పేర్లు, లోతులు. మా వరసలో ఏడు రోజులకీ ఒకటే మాట, "రిలాక్స్". ముప్పయ్యేళ్ళు హాస్పిటల్ ఫార్మసీలో నిలబడి పనిచేసినదాన్ని. నాకు రిలాక్స్ అవడం రాదు వదినా.

మీరు తప్పకుండా రావాలి. మీరుంటే నాకూ తోడు, ఇషితకీ తోడు. అన్నయ్యగారు పోయాక ఈ రెండేళ్ళలో మీరు ట్రాయ్ దాటి బయటికి రాలేదు.

టికెట్ సంగతి మృదుల చూసుకుంటుంది. సరే అని ఒక్క ముక్క రాయండి.

మీ
రాధారాణి

*

ట్రాయ్,
జూన్ 17

రాధకు,

ఉత్తరం అందింది. మా మెయిల్‌బాక్స్‌లో కరెంటు బిల్లులూ, చెవి మెషీన్ల ప్రకటనలూ తప్ప ఇంకోటి చూసి చాలా కాలమైంది. మొదట సంతోషించాను, తర్వాత చదివాను.

లెక్క ఇలా ఉంది. పిల్ల తల్లీ, తండ్రీ, తాతా నీళ్ళ కింద ఉంటారు. ఏడేళ్ళ పిల్లని వారం రోజులు నువ్వొక్కదానివీ పట్టలేవు. ఇంకో మనిషి కావాలి. ఆ మనిషికి డెబ్బై ఏళ్ళు, ఉద్యోగం లేదు, సెలవు పెట్టక్కర్లేదు. బాగానే ఆలోచించారు. ఇషిత నాకు ప్రాణమే, కానీ ఆయా పనికి నన్ను అంత దూరం తీసుకెళ్ళనక్కర్లేదు.

మీ అన్నయ్య పోయినప్పట్నుంచీ అందరూ నన్ను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలనే చూస్తున్నారు. గుళ్ళో కూర్చోబెట్టారు. సీనియర్ సెంటర్‌లో కూర్చోబెట్టి రంగు పెన్సిళ్ళు ఇచ్చారు. ముప్పయ్యైదేళ్ళు గుండె జబ్బులు చూసిన డాక్టర్ని, నెమలి బొమ్మకి రంగులేశాను. ఇప్పుడు సముద్రం ఒడ్డున కూర్చోబెడతామంటున్నారు. కూర్చోవాలంటే మిషిగన్‌లో చెరువులకేం కరువు?

మీరు వెళ్ళి రండి. మా తమ్ముడు మల్లిని సిలిండర్లు ఎక్కువ మొయ్యొద్దని చెప్పు. చిన్నప్పుడు బిందెడు నీళ్ళు మోసి నాలుగు రోజులు పడుకున్నవాడు.

జానకి

*

ఫ్రిస్కో,
జూన్ 24

వదినా,

మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆయా కోసం పిలిచానని మీరెలా అనుకున్నారు? నిజం చెప్తాను, ఇంట్లో ఎవరికీ చెప్పనిది. నాకు భయం. పోయినేడు మెక్సికోలో ఈయన నీళ్ళలో దిగి మునిగిపోయాక గంటసేపు పత్రిక తెరిచి పట్టుకున్నాను, పేజీ తిప్పలేదు. ఆయన బయటికొచ్చి తాబేలు కనిపించిందన్నారు. నేను "ఓహో" అన్నాను. మీరు పక్కనుంటే ఆ గంట గడుస్తుందని నా ఆశ. అంతే.

ఇక్కడ వంద డిగ్రీల ఎండ. ప్రయాణం ఇంకా ఆరు నెలలుందా, ఈయన అప్పుడే సామాను కొనడం మొదలుపెట్టారు. రబ్బరు సూటు, కాళ్ళ తెడ్లు, నడుముకి కట్టుకునే సీసం దిమ్మలు. అన్నీ మేడమీద గదిలో పెట్టి మళ్ళీ కిందికి తెచ్చి అందరికీ చూపిస్తారు. ఈ మధ్య ఇంకో వింత. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కిటికీలోంచి పక్కింటి వాళ్ళ గులాబీలు చూస్తున్నారు. "ఏంటండీ" అంటే, "ఎంత బాగా పూశాయో చూడు" అంటారు. ముప్పయ్యేడేళ్ళుగా నేను పెంచిన మొక్కల్లో ఒక్కదాని పేరు తెలియని మనిషి. సముద్రంలో పగడాలు చూసి చూసి రసికత అబ్బిందేమోనని ఊరుకున్నాను.

కోపం పోయిందని రాయండి.

రాధ

*

ట్రాయ్,
జులై 1

రాధకు,

వస్తాను. మృదులకి టికెట్ తీయమని చెప్పు.

ఈ కింది వాటికి వెంటనే జవాబు రాయి. ఎందుకని అడగొద్దు. మీ ఇంట్లో మెట్లెన్ని? మల్లి ఎన్నో మెట్టు దగ్గర ఆగుతాడు? ఎంతసేపు? భోజనానికి ముందా, తర్వాతా? చేతిలో బరువు లేనప్పుడు కూడా ఆగుతాడా? గులాబీల సంగతి వాడితో మాట్లాడకు.

వాడికి ఫోన్ చేశాను. నాకు వినపడదని వాడికి తెలుసు కదా, "హలో, హలో, సిగ్నల్ లేదక్కా" అని పెట్టేశాడు. సిగ్నల్ లేనప్పుడు అంత స్పష్టంగా ఎలా వినపడిందో.

ఈ రెండు వారాలూ నాకు డాక్టర్ల చుట్టూ తిరగడంతో సరిపోయింది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీశారు, ఫరవాలేదన్నారు. చెవి డాక్టర్ మాత్రం సెప్టెంబర్ దాకా ఆగి చూద్దామన్నాడు. ఆయన ఒప్పుకుంటే సరే, లేకపోతే ఉన్నన్నాళ్ళూ ఇంతే. ఈ విషయం నీలోనే ఉంచుకో.

జానకి

*

ఫ్రిస్కో,
జులై 14

వదినగారికి,

మీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో. "ఉన్నన్నాళ్ళూ ఇంతే" అని అంత తేలిగ్గా ఎలా రాశారు? నేను ఏమీ అడగను. మీరు చెప్పినప్పుడే వింటాను. ఎవరికీ చెప్పలేదు కూడా, మృదులకి తప్ప. అది దేవ్‌కి చెప్పి ఉంటుంది.

మీరు దేనికీ ఇబ్బంది పడకుండా నేను ఏర్పాట్లు మొదలుపెట్టాను. డెట్రాయిట్‌లోనూ, అట్లాంటాలోనూ వీల్‌చైర్ బుక్ చేయించాను. బొనైర్‌లో కింది అంతస్తు గది, బాత్రూంలో పట్టుకునే కడ్డీలు ఉన్నది. అవసరం పడితే ఉంటుందని అక్కడి డైవ్ షాపుకి ఫోన్ చేసి సిలిండర్ దొరుకుతుందా అని కూడా అడిగాను. ఆ అమ్మాయి ఏమాత్రం తడబడకుండా, "రోజుకి రెండా, మూడా మేడమ్?" అంది. మీ పరిస్థితి అంతదాకా వచ్చిందా అని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తర్వాత తెలిసింది, నేను ఆక్సిజన్ అడిగితే వాళ్ళు డైవర్లకిచ్చే గాలి సిలిండర్లనుకున్నారు.

మెట్లు పదమూడు. ఏడో మెట్టు దగ్గర ఆగుతారు. రెండు నిమిషాలుంటారేమో. రాత్రి భోజనం అయ్యాక తప్పకుండా ఆగుతారు, చేతిలో బరువున్నా లేకపోయినా. చాలా? ఆ గులాబీలు మీకెందుకో నాకు అర్థం కాలేదు.

ఇంకో మాట, మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. డైవర్లు ఆరోగ్యం గురించి నింపే ఫారాలన్నీ మృదుల మీకు పంపిందట, ఇంట్లో డాక్టర్ ఉండగా బయటికెందుకని. ఈయన ఫారం మాత్రం మీరు సరిగ్గా లేదని తిప్పి పంపారట. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "అక్కకి మనం సంతోషంగా ఉండటం ఇష్టం లేదు రాధా, బావ పోయినప్పట్నుంచీ అంతే" అన్నారు. మీరు అలాంటివారు కాదని నేనన్నాను. కానీ వదినా, మీ ఒంట్లో బాగాలేదని ఆయన సరదా ఆపడం న్యాయం కాదు కదా. తప్పుగా రాస్తే క్షమించండి.

రాధారాణి

*

ట్రాయ్,
ఆగస్టు 5
ఓవర్‌నైట్ పోస్టులో

రాధా,

మూడు వారాలు జవాబు రాయలేదు. మొదటి వారం కోపంతో. తర్వాత మల్లి మాట నమ్మి.

ముందు నా సంగతి తేల్చేస్తాను. నేను చావట్లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే ఇక్కడి కమ్యూనిటీ పూల్‌లో డైవింగ్ క్లాసులో చేరాను. అందరూ కూర్చోబెడతామంటుంటే ఒళ్ళు మండి చేరాను. నా వయసుకి ఎక్స్‌రే కావాలన్నారు, లోతుకి దిగాలంటే చెవి డాక్టర్ అనుమతి కావాలన్నారు. అవే ఆ రిపోర్టులు. ఎయిర్‌లైన్స్ నుంచి "మీ వీల్‌చైర్ బుక్ అయింది" అని మెసేజ్ వచ్చేసరికి నేను తడి బట్టల్లో, వీపు మీద ముప్పై పౌండ్ల సిలిండర్‌తో ఉన్నాను. మా టీచర్‌కి చూపిస్తే ఆ పిల్ల నవ్వలేక గట్టు పట్టుకుంది.

చెప్పనా, నీళ్ళలో నాకు హాయిగా ఉంది. అక్కడ ఎవరికీ వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడతారు. ఈ రెండేళ్ళలో, నన్ను చూడగానే తల పక్కకి వాల్చి "ఎలా ఉన్నారండీ" అని అడగని మనుషుల మధ్య గడిపింది ఆ ముప్పావుగంటే.

ఇప్పుడు అసలు సంగతి. ఒకరి ఆరోగ్యం గురించి ఇంకొకరికి రాయడం నా పద్ధతి కాదు. అందుకే డాక్టర్‌కి చూపించుకోమని నెల రోజులుగా మల్లికే చెప్తున్నాను. పోయిన నెల డాక్టర్ దగ్గరికి వెళ్ళాననీ, అంతా బాగుందనీ మెసేజ్ పెట్టాడు. డాక్టర్ పేరేమిటన్నాను. జవాబు లేదు. ఆ ఫారంలో పది ప్రశ్నలుంటాయి. నా ఫారంలో నేను నాలుగింటికి "అవును" అని రాశాను. వాడు పదింటికీ "కాదు" అని రాశాడు.

నేను నీకు ఏమీ చెప్పడం లేదు. నువ్వే ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం పక్కన పెట్టి ఏడో మెట్టు మీద నిలబడి, ఆ కిటికీలోంచి చూడు. ఆగస్టు నెల, టెక్సాస్ ఎండ. ఆ గులాబీలు ఇంకా ఉన్నాయా?

చూసి, వాణ్ణి కారెక్కించు. రేపు సాయంత్రంలోగా నీ దగ్గర్నుంచి మెసేజ్ రాకపోతే మృదులకి ఫోన్ చేస్తాను.

వదిన

*

ఫ్రిస్కో,
ఆగస్టు 19

వదినా,

మెసేజ్‌లో రెండు ముక్కలే రాయగలిగాను. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి మెట్లెక్కాను. పక్కింటి వాళ్ళు గులాబీ చెట్లు ఎప్పుడో పీకించేశారు. ఆ జాగాలో కంకర పోయించారు. తెల్లటి కంకర, వరసగా. ముందు రోజు రాత్రి కూడా ఈయన అక్కడ నిలబడి "ఎంత బాగున్నాయో" అన్నారు.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ముప్పయ్యేళ్ళు గుండె మందులు కౌంటర్ మీద పెట్టి, ఛాతీలో బరువుగా ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండని వేల మందికి చెప్పినదాన్ని. నా ఇంట్లో మనిషి నా కళ్ళ ముందు ఆగిపోతుంటే రసికత అనుకున్నాను.

ఈయన కిందనుంచి కాఫీ కప్పుతో వచ్చారు. "ఎందుకక్కడ కూర్చున్నావ్?" అన్నారు.

"గులాబీలు చూస్తున్నాను" అన్నాను.

కప్పు మెట్టు మీద పెట్టి ఏడో మెట్టు దాకా వచ్చి నా పక్కన కూర్చున్నారు. కిటికీలోంచి ఆ కంకరకేసి చూశారు. తర్వాత, "మే నెల నుంచీ" అన్నారు. "రాయి పెట్టినట్టుంటుంది. ఆగితే పోతుంది. చెప్తే ట్రిప్ క్యాన్సిల్ చేస్తారని."

"ట్రిప్ కోసం చచ్చిపోతారా?"

"ట్రిప్ కోసం కాదు. డైవింగ్ మానేస్తే ఇంక నేను ముసలాణ్ణే కదా."

నేను చెయ్యెత్తి కొట్టినంత పని చేశాను. తర్వాత కారెక్కించాను. దారిలో కూడా, "రేపు వెళ్దాం, ఈ రోజు మన ఫ్రెండ్ వసంత్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం" అన్నారు. నేను కారు ఆపలేదు. స్ట్రెస్ టెస్ట్‌లో ట్రెడ్‌మిల్ మూడు నిమిషాలకే ఆపేశారు. మర్నాడు రెండు స్టెంట్లు వేశారు. ఒక రక్తనాళం తొంభై శాతం మూసుకుపోయిందట. ఇలా నీళ్ళలో దిగి ఉంటే బయటికి వచ్చేవారు కాదేమోనని ఆ డాక్టర్ నాతో అన్నాడు.

మీరు ఆయన సరదా ఆపుతున్నారని రాశాను. ఆ ఉత్తరం చింపేయండి.

ఇప్పుడు బాగానే ఉన్నారు. పథ్యం భోజనం పెడితే నాకేసి ఖైదీలా చూస్తున్నారు. డైవింగ్ ఈ ఏడాదికి లేదన్నారు. మృదుల ట్రిప్ మానేద్దామంటోంది. మీరేమంటారు?

రాధ

*

ట్రాయ్,
ఆగస్టు 26

రాధా,

చింపను. "మీ ఒంట్లో బాగాలేదని" అన్న వాక్యం నాకు అక్కరొస్తుంది, నీతో ఎప్పుడైనా గొడవ పెట్టుకోవాలనిపిస్తే.

నిన్ను నువ్వు తిట్టుకోవడం మాను. నువ్వు చూశావు, చూసింది చూసినట్టు రాశావు. దాన్ని చదవడం నా వృత్తి, అంతే. మల్లి ఆ గులాబీల మాట నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ట్రిప్ మానొద్దు. డిసెంబర్‌కి నాలుగు నెలలుంది. అప్పటికి నడుస్తాడు, డాక్టర్ సరేనంటే మెడలోతు నీళ్ళలో ఈదుతాడు కూడా. ఇంట్లో కూర్చుని ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ చూస్తూ కుమిలిపోవడం కంటే అదే మేలు. మృదుల పట్టికలో వాడి పేరు మన వరసలోకి మార్పించు. నా పేరు వాళ్ళ వరసలోకి. నేను దిగుతున్నట్టు మల్లికి నువ్వే చెప్పు. మొహం ఎలా పెట్టాడో రాయి.

వీల్‌చైర్ క్యాన్సిల్ చేశావా?

జానకి

*

ట్రాయ్,
నవంబర్ 11
కార్డు

రాధా, చెవి డాక్టర్ సంతకం పెట్టాడు. నిన్న పూల్‌లో పన్నెండడుగుల లోతున ఇరవై నిమిషాలు కూర్చున్నాను. ఇక్కడ మొదటి మంచు పడింది. బాత్రూం కడ్డీల గది ఉంచేయి, తడి సూటు ఆరేసుకోవడానికి బాగుంటుంది. మల్లి నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. ఉండనీ.

*

ఫ్రిస్కో,
జనవరి 4, 2025

వదినా,

క్షేమంగా చేరాం. ఈయన డాక్టర్ దగ్గరికి నిన్న వెళ్ళొచ్చాం, అంతా బాగుంది, డాక్టర్ పేరు కూడా రాయమంటారా?

దీవిలో ఐదో రోజు మీరు "ఇద్దరూ ఎక్కడికి పోయారు?" అని అడిగితే నేను నవ్వి ఊరుకున్నాను. అందరి ముందూ చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

మొదటి నాలుగు రోజులూ ఈయన ఎలా ఉన్నారో మీరు చూశారు. గొడుగు కింద కుర్చీ వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. అంత దూరం వెళ్ళి కార్ పార్కింగ్ చూస్తూ కూర్చున్న మనిషి ఇంకొకరు ఉండరు. మీరు తడి సూటులో వచ్చి "మల్లీ, తాబేలు చూశాను" అంటే, "ఓహో" అన్నారు. ఆ "ఓహో" ఎలాంటిదో నాకు తెలుసు.

ఐదో రోజు పొద్దున దేవ్ ఇషితని ఆ దీవిలో గాడిదల శరణాలయం చూపించడానికి తీసుకెళ్ళాడు. మీరూ, మృదులా, ఆ గైడ్ అమ్మాయీ దిగారు. మీ తలలు మునిగిపోయాక నేను అలవాటు ప్రకారం చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఒక అయిదు నిమిషాలకి కుర్చీ కిర్రుమంది. చూస్తే ఈయన కుర్చీ తిప్పుకుని సముద్రం వైపు కూర్చున్నారు.

"అదిగో, బుడగలు చూడు" అన్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి ఆ రోజు. మూడు చోట్ల బుడగలు పైకొస్తున్నాయి. ఇన్నేళ్ళలో నాకు తెలియదు వదినా, ఒడ్డునుంచి బుడగలు కనిపిస్తాయని. "ఆ గబగబా వచ్చేవి మృదులవి. దానికి తొందరెక్కువ, గాలి ఖర్చు పెట్టేస్తుంది. ఆ నిదానంగా వచ్చేవి అక్కవి. చూడు, ఒకటి, ఆగి, ఇంకోటి. అక్క భయపడట్లేదు."

ఆ బుడగలు కాస్త దూరం జరిగాయి. ఈయన లేచి నిలబడ్డారు. ఇంకా దూరం జరిగి, ఎండ తళుకులో కనిపించకుండా పోయాయి. గడియారం చూసుకున్నారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు.

"నేను లోపలున్నప్పుడు నువ్విలాగే ఉండేదానివా?" అన్నారు.

"ఊఁ."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

నా చెయ్యి పట్టుకుని లేపారు. గొడుగు కింద ఇషిత అద్దాల మాస్కు ఉంది, అది నాకు పట్టలేదు. తన సంచీలోంచి తన మాస్కే తీసి, నా జుట్టు చిక్కుపడకుండా వెనక్కి తీసి, పట్టీ సరిచేశారు. పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా అంత జాగ్రత్త పడలేదు. "నడుములోతు. అంతకంటే ఒక్కడుగు కూడా వెయ్యం. నాకూ అంతే పర్మిషన్ అనుకో" అన్నారు. ఆయన డాక్టర్ మెడలోతు దాకా ఒప్పుకున్నాడు, నాకోసం తగ్గించుకున్నారు.

మొదటిసారి మొహం ముంచగానే ఉప్పునీళ్ళు మింగి దగ్గాను. రెండోసారీ అంతే. "ఊపిరి తొందర పడకు, నేను పట్టుకున్నాను" అన్నారు. మూడోసారి కళ్ళు తెరిచాను. నా కాళ్ళ దగ్గరే, ఆకుపచ్చా నీలమూ కలిసిన చేప ఒకటి రాతిని కొరుక్కుని తింటోంది. కరకరమని ఆ శబ్దం నాకు వినపడింది వదినా. మా ఆయన జంతికలు తిన్నట్టే. నవ్వొచ్చి మళ్ళీ నీళ్ళు మింగాను.

ఆ తర్వాత ఎంతసేపున్నామో నాకు తెలియదు. చేప ఎటు వెళ్తే అటు వెళ్ళాం. నా చెయ్యి ఆయన వదల్లేదు, ఆయన చెయ్యి నేనూ వదల్లేదు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. చివరికి వీపు మీద ఎండ చురుక్కుమంటే తల పైకెత్తాను. మేం దిగిన ఒడ్డు చాలా దూరంగా కనిపించింది. అక్కడ మీరూ మృదులా సిలిండర్లు కూడా దింపకుండా, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా కోసం నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉన్నారు.

మీ
రాధ